అరచుక్క

బుధవారం పొద్దుటికల్లా రెండు ఆల్బమ్‌లు,
ఒక్కోదానికి నూట ఎనభై మాటలు, ఐదింటికి ఎన్ని చుక్కలో.
అంతే చెప్పి డీర్డ్రి ఫోన్ పెట్టేసింది.
బఫెలోలో మంచు కిటికీ సగం దాకా వచ్చింది.
హెడ్‌ఫోన్ ఎడమ చెవి ఊడిపోతుంటే ప్లాస్టరు చుట్టాను.

మొదటిది ఐరన్ వెస్పర్స్. నలుగురూ అరవై దాటినవాళ్లే.
అట్ట మీద బొమ్మలో అవే నల్ల తోలు కోట్లు,
బొత్తాలు పెట్టుకోలేదు, పట్టవు గనక.
గిటార్ ఇంకా అరుస్తుంది,
గదిలో పెట్టి గొళ్ళెం వేసిన కుర్రాడిలా కాదు,
గొళ్ళెం ఎప్పుడో ఊడిందని తెలిసినవాడిలా.
డ్రమ్స్ వాయించే హాలోరన్‌కి తుంటి మార్చారట.
నాలుగో పాటలో కుడికాలు వెంట్రుకవాసి ఆలస్యం.
పాట ఆగి అతని కోసం చూస్తుంది,
ముసలామె మెట్టెక్కేదాకా బస్సు ఆగినట్టు.
తప్పు, అని రాసుకున్నాను. కొట్టేశాను.
ఆరో పాట మాత్రం శుద్ధ దండగ. తిరుగుబాటట,
ఎవరి మీదో వాళ్లకే గుర్తు లేదు.
అది కొట్టెయ్యలేదు.

రెండోది పక్కన పెట్టి టీ పెట్టుకున్నాను.
గిన్నెలు కడిగాను. నెల నుంచీ నానుతున్న మూకుడు కూడా.

సౌత్ సైలో.
తొంభై ఒకటిలో వీళ్ల మొదటి క్యాసెట్‌కి నేనిచ్చింది
ఒక్క చుక్క.
అప్పుడు నాకు ఇరవై ఆరు.
ధాన్యం గిడ్డంగుల నీడలో పుట్టి ఊక దంచుతున్నారు, అని రాశాను.
ఆ వాక్యం మీద ఎంత మురిపెమో,
కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాను.
ఒక్క చుక్క వేసి ముగ్గురికీ చుక్కలు చూపించాను.
కంపెనీ వాళ్లని వదిలేసిందని ఆ శీతాకాలంలోనే విన్నాను.
నా వల్లే అనుకుంటే గర్వం.
నా వల్ల కాదనుకుంటే హాయి.
ముప్పై ఏళ్ల పైన ఆ రెంటి మధ్యే పచార్లు చేశాను.

ఒడెల్ గొంతు ఇప్పుడు గరుకు కాగితం.
ఒకప్పుడు మాత్రలు లెక్కపెట్టిన నోరు
ఇప్పుడు మాత్రలు మింగుతోంది. తనే చెప్పుకున్నాడు,
పొద్దున రెండు తెల్లవి, రాత్రికొక నీలం,
వాటినీ ప్రాసలో కూర్చాడు.
పాదం మధ్యలో ఊపిరందక ఆగుతాడు.
ఆ ఆగడాన్ని ఎవరూ కత్తిరించలేదు.
సరిగ్గా అక్కడే యతి.
కుర్రతనంలో కుదరనిది ఉబ్బసం కుదిర్చింది.

ఏడో పాట.
మొదటి చరణం ఒడెల్, రెండోది మార్విస్,
మూడోది లూషస్‌ది.
లూషస్ పోయి నాలుగేళ్లు.
పదహారు ఆవర్తాలు వట్టి దరువు.
వెనకెక్కడో కుర్చీ కిర్రుమన్న చప్పుడు.
పాత టేపులు తవ్వి అతికించలేదు,
ఆకాశంకేసి చూసి పేరు పెట్టి పిలవలేదు.
చోటు ఆపారంతే,
బెంచీ మీద కోటు పరిచి
ఇక్కడ మనిషున్నాడండీ అన్నట్టు.
పెన్ను పట్టుకుని నేను లెక్కపెట్టాను.
పదకొండు దగ్గర తప్పింది.
వెనక్కి తిప్పాను.
ఈసారి తొమ్మిది దగ్గరే.

ఏమని రాయను?
మూడో చరణంలో పస లేదనా?

తెల్లవారుజాము నాలుగు. మంచు తోసే బండి
వీధిని గీక్కుంటూ వెళ్లింది.
వెస్పర్స్‌కి మూడు.
సైలోకి నాలుగున్నర వేశాను. నాకే సిగ్గేసింది.
అందులో ఒకటి తొంభై ఒకటి తాలూకు బాకీ,
వాళ్లు అప్పు వసూలుకి రాలేదుగా.
తొమ్మిదో పాట నిజంగానే బాగోలేదు,
కోరస్ పాడిన పిల్ల ఎవరి మనవరాలో.
మూడున్నర.
ఆ అర దేనికని అడిగితే
కుర్చీ చప్పుడికి అని చెప్తాను.

నూట ఎనభైలో పదహారు మాటలు తగ్గించి పంపాను.
డీర్డ్రి గమనించదు.
ఖాళీ కనిపిస్తే
పరుపుల కొట్టు ప్రకటన పెట్టేస్తుంది.